గాలికి గడి పెట్టని పుస్తకం

పోయిన వారం నా వంతుకి వచ్చిన ముక్కల్లో ఒక దీవి ఉంది.

నా ఉద్యోగం నేల ఎత్తుపల్లాల పటాలు సరిచూడటం. విమానం లోంచి లేజర్‌తో కొలిచిన ఎత్తులు చదరపు ముక్కలుగా మా కంప్యూటర్లకి వస్తాయి. యంత్రం చెట్టుకొమ్మని నేల అనుకున్నచోట, ఇంటికప్పుని గుట్ట అనుకున్నచోట దిద్ది పంపాలి. రోజుకి పన్నెండు ముక్కలు. వాటికి ఊరి పేర్లుండవు, నంబర్లే. అందుకే మొదటి పావుగంట నాకేమీ తట్టలేదు. తర్వాత మెలిక తిరిగిన ఒక రోడ్డు, ఆ మెలిక దగ్గర ఒక చదునైన కప్పు, ఆ కప్పుకి ఒక మూల అరడుగు పల్లం కనిపించాయి. ఆ అరడుగు నాకు తెలుసు. పదకొండేళ్ళ వయసులో ఆ కప్పు మీద గోళీ ఎక్కడ వదిలినా ఆ మూలకే దొర్లేది.

జెర్సీ సిటీలో మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఎత్తంటే లిఫ్టు అంతస్తులే. నేను కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాను.

అమ్మ డాక్టరు. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తే ఆ తర్వాత ఈ దేశంలో ఉండనిచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. అమ్మతో చదివినవాళ్ళకి మొక్కజొన్న చేల మధ్య ఊళ్ళు దొరికాయి. అమ్మకి దీవి దొరికింది. నాన్న గుంటూరు దగ్గర జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేసి వచ్చాడు. ఆయన వీసా మీద ఉద్యోగం చేయకూడదు. కాబట్టి ఆసుపత్రి అమ్మది, వంట నాన్నది, మిగిలిన దీవి నాది.

అక్కడ ఎగిరేది అమెరికా జెండాయే. కార్లు మాత్రం రోడ్డుకి ఎడమవైపు నడుస్తాయి, స్టీరింగు కూడా ఎడమవైపే ఉంటుంది. అంటే డ్రైవరు రోడ్డు అంచునే కూర్చుంటాడు. మొదటి నెల నాన్న కారు తీసినప్పుడల్లా మలుపు మలుపుకీ ఒక కీర్తన ఎత్తుకునేవాడు.

దీవి తిరగేసి ఒడ్డున పెట్టిన పడవలా ఉండేది. తూర్పు నుంచి పడమరకి పొడుగ్గా ఒక కొండశిఖరం, దానికి రెండు వైపులా వాలు, వాలు ఆగినచోట సముద్రం. చదును నేల అంటే విమానం దిగే చోటు, క్రికెట్ ఆడే చోటు, శ్మశానం. ఉత్తరపు వాలు మీద ఆకులు చేటలంత ఉండేవి. మా ఇల్లున్న దక్షిణపు వాలు మీద ముళ్ళకంపలు, బ్రహ్మజెముడు, గోరంత ఆకుల చెట్లు. శిఖరం మీద రోడ్డు దాటితే రెండు నిమిషాల్లో ఈ రెండు దేశాలూ మారిపోయేవి. తూర్పు గాలి మోసుకొచ్చిన మబ్బు ఉత్తరం వైపే దించుకుని, ఖాళీ అయ్యి మా వైపు వచ్చేది. వేసవిలో కొన్నాళ్ళు ఆఫ్రికా ఎడారి దుమ్ము సముద్రం దాటి వచ్చి ఆకాశాన్ని తెల్లగా చేసేది. అప్పుడు ఎదురు దీవి కనిపించేది కాదు, నాలుక మీద పలక రుచి తగిలేది.

నది లేదు. బావి తవ్వితే ఉప్పునీళ్ళు. వాగులున్నాయి గాని వాటిలో మేకలు నడుస్తాయి. అందుకని ప్రతి ఇంటి కిందా ఆ ఇంటి పునాదంత తొట్టి ఉంటుంది. కప్పు మీద పడిన వాన గొట్టం గుండా తొట్టిలోకి దిగుతుంది. అదే తాగాలి, అదే పోసుకోవాలి. పళ్ళు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయాలి. స్నానమంటే ఒళ్ళు తడిపి, కట్టేసి, సబ్బు రాసుకుని, మళ్ళీ విప్పడం. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి.

మేము పై అంతస్తులో ఉండేవాళ్ళం. కింద ఇంటావిడ. డెబ్భై ఏళ్ళది, ఆ వాలు మీదే పుట్టింది, చర్చి గాయకబృందంలో అందరికంటే గట్టి గొంతు ఆవిడది. దిగిన రోజే నాన్న కిందికి వెళ్ళి, "మేడమ్, పంపు స్విచ్ ఎక్కడుంది?" అని అడిగాడు.

ఆవిడ చూస్తూ నిలబడింది. చివరికి, "గుడ్ మార్నింగ్," అంది.

"గుడ్ మార్నింగ్. పంపు స్విచ్..."

"చెబుతా. మీ ఊళ్ళో మనిషి కనబడగానే స్విచ్చే అడుగుతారా?"

ఆవిడది దీవి ఇంగ్లీషు. నా జ్ఞాపకంలో ఆ మాటలు ఎప్పుడో తెలుగైపోయాయి. కొట్టుకెళ్ళినా, బస్సెక్కినా, ఇల్లు తగలబడుతోందని చెప్పడానికి వెళ్ళినా ముందు పలకరింపు, తర్వాతే సంగతి. ఆ వాలు మీద పిల్లలంతా ఆవిడని గ్రానీ అనేవాళ్ళు. నేనూ అనేవాణ్ణి.

మా రెండిళ్ళ మధ్య స్నేహం చింతచెట్టుతో మొదలైంది. పెరట్లో చింతచెట్టు చిగురు వేయగానే నాన్న నిచ్చెన వేశాడు. "ఏమయ్యా, నా మేకకి పోటీ వచ్చావా?" అని గ్రానీ కింద నిలబడి నవ్వింది. ఆ రోజు పంపిన చింతచిగురు పప్పు గిన్నె సాయంత్రానికల్లా కడిగి వచ్చింది. మర్నాడు ఆవిడ గిన్నే పైకి వచ్చింది, ఖాళీగా, మూత తీసి, ఇంకాస్త కావాలని. బదులుగా ఆవిడ మొక్కజొన్న పిండిలో బెండకాయలు వేసి ఉడికించి ముద్ద చేసి పంపేది. నాన్న మొదటి ముద్ద మింగి, "ఒరేయ్, ఇది మన సంకటేరా. ఎవడో ఇందులో బెండకాయ పడేసుకున్నాడు," అన్నాడు.

బళ్ళో ఉన్న కాసేపు తప్ప నేను కొలిచేవాణ్ణి. ఖాళీ డబ్బా మా గేటు దగ్గర వదిలితే ఎన్ని మలుపులు దాటి ఎవరి పెరట్లో ఆగుతుందో రాసేవాణ్ణి. ఎండలో పడుకున్న ఉడుముల్లాంటి పెద్ద తొండల మీదకి పండ్ల గింజలు విసిరి, ఎన్నో గింజకి కదులుతాయో రాసేవాణ్ణి. గ్రానీ ఇది చూసి ప్రతి ఆదివారం తొట్టిలోకి వెదురుకర్ర దించి నీటి మట్టం కొలిచే పని నాకప్పగించింది. "గుమాస్తా ఏమంటున్నాడు?" అని అడిగేది. "మూడడుగుల రెండంగుళాలు, గ్రానీ." "పోయిన వారం?" "మూడడుగుల ఐదు." ఆవిడ పెదవి విరిచేది.

ఆ ఎండాకాలంలోనే వాన పుస్తకం మొదలుపెట్టాను. గళ్ళ నోటుబుక్కు. రోజూ ఉదయం తొమ్మిదికి కప్పెక్కి చూసి నింపాలి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో శిఖరం మీద మబ్బు ఎక్కడుంది, మూడో గడిలో దాని రంగు, నాలుగో గడిలో మన వైపు వాన పడిందా లేదా. నలభై రెండు రోజులు రాశాక ఒక సూత్రం దొరికింది. తొమ్మిదికి మబ్బు శిఖరం మీద కూర్చుని ఉంటే వాన ఉత్తరం వైపే పడుతుంది, మనకి రాదు. నలభై రెండులో ఒక్కటీ తప్పలేదు. గాలికి గడి పెట్టలేదు. గాలి ఎప్పుడూ తూర్పు నుంచే. ఎప్పుడూ మారనిదాన్ని రోజూ రాయడం ఎందుకని.

ఇక్కడ మిరపకాయల సంగతి చెప్పాలి.

నాన్నకి ఆ దీవిలో దొరకనివి మూడు: ఉద్యోగం, గోంగూర, చల్ల మిరపకాయలు. మొదటి రెండింటికీ చేసేదేమీ లేదని ఒప్పుకున్నాడు. మూడోదానికి ఒప్పుకోలేదు. పొడుగు పచ్చిమిర్చి దొరకదు. అక్కడివి గుండ్రంగా, ముడతలతో, చిన్న లాంతర్లలా ఉంటాయి. గ్రానీ ఒక్కదాన్ని తుంచకుండా పులుసులో వేసి, రంగు రాగానే తీసి పారేసేది. "ఇవి తినేవి కావు, బెదిరించేవి," అంది.

"మేడమ్, మాది గుంటూరు," అన్నాడు నాన్న.

"అది పెద్ద ఊరా?"

"కారంలో పెద్దది."

రెండు వందల పన్నెండు కాయలకి గాటు పెట్టి, ఉప్పేసిన పుల్లటి చల్లలో నానబెట్టాడు. పగలు ఎండ, రాత్రి మళ్ళీ చల్ల. ఇల్లంతా పులిసిన చల్ల, పచ్చికారం కలిసిన వాసన. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలోనే తుమ్మేది. మన మిరపకాయలు నాలుగు రోజుల్లో గలగలలాడతాయి. ఇవి కండగలవి, ఐదు రోజులైనా మెత్తగానే ఉన్నాయి. ఎండబెట్టడానికి ఒకటే చోటు, కప్పు. నాన్నకి అది డాబా. గ్రానీకి అది నీళ్ళు తాగే పళ్ళెం.

ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. షరతు ఒక్కటే. "గుమాస్తా పుస్తకం చూసి వాన లేదంటేనే ఎక్కించు. ఎక్కించిన రోజు నాకు చెప్పు." పుస్తకం అప్పటికి దీవిలో ఒక గొప్ప మనిషి దగ్గర పరపతి సంపాదించింది. నేను కాలర్ సర్దుకుని తిరిగాను.

ఆరో రోజు ఆదివారం. గ్రానీ గాయకబృందం వ్యానులో పెందలాడే వెళ్ళిపోయింది. అమ్మ డ్యూటీలో ఉంది. తొమ్మిదికి నేను కప్పెక్కాను. మబ్బు శిఖరం మీదే ఉంది, బూడిదరంగు. దండెం మీద గ్రానీ దుప్పటి ఎప్పుడూ రోడ్డు వైపు ఎగిరేది, ఆ రోజు కొండ వైపు ఎగురుతోంది. అది చూశాను. దానికి గడి లేదు.

"ఏరా, చెప్పడానికి ఆవిడ లేదు. నువ్వే చెప్పు. ఎక్కించనా?" అని కింద నుంచి నాన్న.

"ఎక్కించు నాన్నా."

రెండు తెల్ల దుప్పట్ల మీద పరిచి, పదింటికి చర్చికి బయలుదేరాం.

చర్చి శిఖరానికి కాస్త అవతల, ఉత్తరపు వాలు మీద. దక్షిణం వైపు కిటికీ పక్కన మూడో బెంచీ నాన్నది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం అక్కడే. ఆ కిటికీలో శిఖరం ఒకచోట దిగి మళ్ళీ లేచేది, కనుమలాగా. ఆ సందులోంచి అవతలి వాలు కొంచెం కనిపించేది.

ప్రసంగం మధ్యలో ఆ సందు బూడిదరంగైంది. మా నెత్తిన ఎండ. ఉత్తరం వైపు చుక్క లేదు. అవతల మాత్రం పైనుంచి కిందికి తెర దించినట్టు వాన. ముందు బెంచీలో ఎవరో, "దక్షిణం వైపు పడుతోంది!" అన్నారు. పాస్టరు ప్రసంగం ఆపేశాడు. నాలుగు నెలలుగా దక్షిణం వైపువాళ్ళు దోసిళ్ళతో స్నానం చేస్తున్నారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. గాయకబృందంలో గ్రానీ రెండు చేతులూ ఎత్తి, ఎవరూ చెప్పకుండానే స్తుతిపాట అందుకుంది.

నాన్న నా వైపు వంగాడు. "ఏరా, అది మన వైపేనా?"

నాకు తెలుసు. మిరపకాయలు, చల్ల, ఉప్పు, మూలకి వాలిన కప్పు, గొట్టం, అన్నీ వరసగా కళ్ళముందు నడిచాయి. నలభై రెండు గళ్ళు కూడా.

"కాదు నాన్నా. పక్క లోయ," అన్నాను.

నాన్న ఒక క్షణం నన్ను చూసి, వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. పాట సాగింది.

ఆరాధన అయ్యాక గ్రానీ ఎవరితోనూ మాట్లాడకుండా వ్యానెక్కింది. గొట్టం చివర ఆవిడ ఒక డ్రమ్ము పెట్టుకునేది. తొలి వాన ముందు డ్రమ్ములోకి, అది నిండి పొర్లితే తొట్టిలోకి. ఎండాకాలం తర్వాత వచ్చిన తొలి వాన నీళ్ళతో ముఖం కడుక్కోవడం ఆవిడ అలవాటు, వాళ్ళమ్మ అలవాటు. మేము అందరికీ గుడ్ ఆఫ్టర్‌నూన్‌లు చెప్పుకుని బయటపడేసరికి పది నిమిషాలు పట్టింది.

ఇంటికి వచ్చేసరికి రోడ్డు మీద ఆవిరి లేస్తోంది. గ్రానీ మెట్ల దగ్గర నిలబడి ఉంది. టోపీ ఇంకా తీయలేదు. కళ్ళ మీద తువ్వాలు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్," అంది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, మేడమ్," అన్నాడు నాన్న.

"దేవుడు పంపిన నీళ్ళలో ఏం కలిపావయ్యా?"

అమ్మకి ఫోన్ చేస్తే, "మంచినీళ్ళతో కడగండి. పావుగంట ఆపకుండా," అంది. మంచినీళ్ళు ఎక్కడివి? ప్రతి కుళాయీ ఆ తొట్టిలోంచే. తుఫాను కోసం దాచిన నీళ్ళ సీసాలు ఆరు గ్రానీ అలమరాలో ఉన్నాయి. నాన్న తీయబోతే ఆవిడ చేత్తో తడుముకుంటూ అడ్డుకుంది. "అవి ముట్టుకోకు. అవి తుఫానుకి. నా కళ్ళు వాటంతట అవే ఏడ్చుకుంటాయి."

"మేడమ్, కూర్చోండి," అని నాన్న మొదటిసారి ఆవిడ మీద గొంతు పెంచాడు. ఒక్కొక్కటే విప్పి ఆవిడ కళ్ళ మీద పోశాడు. నేను మూతలు పట్టుకుని నిలబడ్డాను. ఆరు.

సాయంత్రం అమ్మ వచ్చి తొట్టి మూత ఎత్తి, వాసన చూసి, మూసేసింది. "తాగడానికి పనికిరాదు. ఒంటికి కూడా వద్దు," అంది. నాలుగు నెలలు దోసిళ్ళతో పొదుపు చేసిన మూడడుగుల నీళ్ళు. మర్నాడు పంపు పెట్టి వాగులోకి వదిలేశాం. నేను ఆ నీళ్ళ వెంట దిగాను. బండల మీదుగా, మేకల దారి పక్కగా, మడచెట్ల వేళ్ళ లోంచి సముద్రంలోకి. ఆ దారి గుర్తుంచుకుని గీసిన పటమే నేను గీసిన వాటిలో మొదటి సరైన పటం.

కడిగిన తొట్టి ఖాళీగా రెండు రాత్రులు మోగింది. మూడో రోజు వాలు మీద మాకు ఎగువనున్న ఇంటివాళ్ళు తోటగొట్టం ఒకటి కిందికి వదిలారు. వాళ్ళ తొట్టి మా కప్పు కంటే ఎత్తులో ఉంది, పంపు అక్కర్లేదు. వాళ్ళ పైవాళ్ళు వాళ్ళకి వదిలారు. ఆ వాలు మీద ఐదిళ్ళ గొట్టాలు ఒకదానికొకటి తగిలించుకున్నాయి. ఒక్కో ఇల్లు బెత్తెడు నీళ్ళిచ్చింది. గొట్టం పట్టుకుని దిగిన ప్రతివాడూ ముందు గుడ్ మార్నింగ్ చెప్పి, తర్వాత అదే ప్రశ్న వేశాడు. "వాన రాదని ఎవరు చెప్పారు?"

"నేనే," అన్నాడు నాన్న ప్రతిసారీ. "ఆకాశం చూసి నేనే అన్నాను."

మేము వెళ్ళిపోయేదాకా దీవి మీద ఆయన పేరు పెప్పర్ ప్రొఫెసర్. బస్సులో ఆయన్ని చూసి జనం కళ్ళు మూసుకునేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు.

గ్రానీకి ఆ మాట ఎక్కలేదు. వారం తర్వాత, కళ్ళ ఎరుపు తగ్గాక, నన్ను పిలిచి పుస్తకం తెమ్మంది. గళ్ళ మీద వేలు పెట్టి అడ్డంగా చదివింది.

"గాలేదీ?"

"గాలి ఎప్పుడూ తూర్పు నుంచే కదా గ్రానీ."

"ఎప్పుడూనా? నీ పుస్తకానికి నలభై రెండు రోజులు. నాకు డెబ్భై ఏళ్ళు. దక్షిణపు గాలి తిరిగిన రోజు మా అమ్మ బట్టలు తీసేసేది." పుస్తకం తిరిగిచ్చి, "గీత గీసుకో. ఇంకో గడి పెట్టుకో," అంది. అంతే. మళ్ళీ ఆదివారం వెదురుకర్ర నా చేతికే ఇచ్చింది. నేను చర్చి సంగతి చెప్పడానికి నోరు తెరిచి, "రెండడుగులు, గ్రానీ," అన్నాను.

ఆ మరుసటి ఏడు అమ్మ గడువు అయిపోయింది. దీవి వదిలి ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరికి వచ్చేశాం. అక్కడ నేలంతా చదును. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తూనే ఉంటాయి. గ్రానీ పోయిన కబురు కొన్నేళ్ళకి ఒక క్రిస్మస్ కార్డులో వచ్చింది.

పోయిన వారం ఆ ముక్కలో నా పని పూర్తయ్యాక పక్క ముక్క కూడా తెరిచాను. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంది. ఒక చోట నిలబడితే ఏ నేల కనిపిస్తుందో, ఏది కొండ చాటున పడుతుందో రంగు వేసి చూపిస్తుంది. చర్చి కిటికీ ఉన్నచోట చుక్క పెట్టాను. కనుమ అవతల ఒక చీలిక మాత్రం పచ్చబడింది. ఆ చీలికలో మా వాలు, మా రోడ్డు మెలిక, మా కప్పు. పక్క లోయ పూర్తిగా నల్లగా ఉంది. ఆ కిటికీ లోంచి పక్క లోయ కనిపించే వీలే లేదు. అక్కడ రెండేళ్ళు కూర్చున్న లెక్కల మనిషికి అది తెలియకుండా ఉండదు.

ఇంకో లెక్క కూడా వేశాను. అంత కప్పు మీద అంత వానకి డ్రమ్ము నిండటానికి నాలుగైదు నిమిషాలు. చర్చి నుంచి ఇంటికి పద్దెనిమిది. నేను నిజం చెప్పినా నీళ్ళు దక్కేవి కావు. ఆవిడ కళ్ళు దక్కేవి.

నాన్నకి ఫోన్ చేశాను. ఇప్పుడాయన ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు.

"క్లాసుంది, తొందరగా చెప్పు. ఏంటి, లంచ్ చేశావా?"

"నాన్నా, ఆ రోజు చర్చిలో వాన మన ఇంటి మీదేనని నీకు తెలుసా?"

ఏ రోజు అని అడగలేదు. "తెలుసు," అన్నాడు.

"మరి నన్నెందుకు అడిగావు?"

"నువ్వు చెబుతావని. నువ్వు కాదన్నావు. అయినా నీ మీద పెట్టకూడదులే. ఆవిడ చేతులెత్తి పాడుతోందిరా. నాలుగు నెలల తర్వాత వాన. మధ్యలో లేచి మీ నీళ్ళలో నా మిరపకాయలున్నాయని ఎట్లా చెప్పను? పాట అయ్యాక చెబుదాం అనుకున్నా. అది ఆరు చరణాలు. ఆరూ పాడింది. అయ్యేసరికి వ్యానెక్కేసింది."

వెనకాల కారిడార్‌లో విద్యార్థుల చప్పుడు. "సరే, క్లాసుకి వెళ్తున్నా," అని పెట్టేశాడు.

ఆ నోటుబుక్కు ఏ ఇల్లు మారినప్పుడు పోయిందో తెలియదు. ఐదో గడి గీసుకున్నాను గాని ఆ ఆదివారం వరస మాత్రం నింపలేదు. ఇప్పుడు నింపితే ఇలా ఉంటుంది. మబ్బు: శిఖరం మీద. రంగు: బూడిద. గాలి: దక్షిణం నుంచి. వాన: మన వైపే. చూసినవాళ్ళు: ఇద్దరు.